కోస్తే పెరిగేవి

మా పెళ్ళిగదిలో ఏసీ ఉందని తెలిసి కర్నూలులో మా పిన్నమ్మ కూతుళ్ళంతా కుళ్ళుకున్నారు. అది నా కోసం పెట్టించింది కాదన్న సంగతి నేను వాళ్ళకు చెప్పలేదు.

రంజాన్ వెళ్ళిన మూడో వారంలో మా నికా. రాజంపేటకు కాపురానికి వచ్చిన రోజు, కారు దిగి గడప దాటేలోపలే ఎండకు నా కళ్ళు బైర్లు కమ్మాయి. మా అత్త దౌలత్ బీ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి గది తలుపు తీసింది. లోపల చల్లగా, నీలంగా, సన్నటి నీళ్ళ చప్పుడు. గోడ పొడవునా ఐదడుగుల గాజుతొట్టి. దాంట్లో ఊదారంగు రాళ్ళ మీద పచ్చటి గడ్డి గాలి తగిలినట్టు ఊగుతోంది. పక్కనే ఎర్రవి, నీలివి, పుట్టగొడుగుల్లాంటివి, అరచేతులు విప్పుకుని పడుకున్నట్టున్నాయి.

“సూడమ్మే, నీ సవతులు,” అంది అత్త. “మనుషులం మేము ఫ్యాను కింద ఉడికిపోతాండాం. వీళ్ళకు మాత్రం ఏసీ పెట్టిచ్చినాడు నా కొడుకు. పోనీలే, నీక్కూడా కలిసొచ్చె.”

“అది గడ్డి కాదు, పగడం,” అన్నాడు అష్రఫ్ వెనక నుంచి. నేను గడ్డి అని అననేలేదు. పెళ్ళయ్యాక ఆయన నాతో అన్న మొదటి మాట అదే.

నేను బీయస్సీ జువాలజీ. పగడాలు జంతువులని, వేలమంది ఒకే ఒంట్లో కాపురం చేస్తారని పది మార్కుల ప్రశ్నకు బొమ్మ గీసి రాసినదాన్నే. కానీ లైటు వెలగగానే ఒక్కొక్కటీ ఒళ్ళు విరుచుకుంటుందని, ఎర్రచారల రొయ్య ఒకటి వచ్చి మనిషి గోళ్ళు శుభ్రం చేసి పోతుందని ఏ పుస్తకంలోనూ లేదు. మొదటి వారమంతా కొత్తకోడలిని చూడటానికి వచ్చిన చుట్టాలకు నేను గాజుకు ముక్కు ఆనించి కూర్చుని దొరికేదాన్ని. పక్కింటి హనుమంతమ్మ, “ఏందమ్మా, పొద్దుగూకితే మీ కిటికీలో పోలీసు జీపు మాదిరి నీలం లైటు?” అని అడిగితే లోపలికి పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసి, “వండుకుంటే ఎట్లుంటాదో” అంది. ఆ మాటకు అష్రఫ్ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆయన పని నీళ్ళ ప్లాంట్లు బాగుచేయడం. మా ఊళ్ళో వీధికొకటి ఉంటాయి కదా, క్యాన్లలో మంచినీళ్ళు అమ్మేవి, వాటికి ఫిల్టర్లు మార్చడం, మోటార్లు విప్పి బిగించడం. ఆ ప్లాంటు నీళ్ళే ఇంటికి తెచ్చి, తొట్టి కోసం అమ్మే ప్రత్యేకమైన ఉప్పు కొలిచి కలిపేవాడు. బావులు ఎండిపోయిన ఊళ్ళో కూర్చుని నా మొగుడు వారం వారం సముద్రం తయారుచేస్తున్నాడని కర్నూలుకు ఫోను చేసి చెప్పాను. మా అమ్మ, “మనిషి మంచోడేనా?” అని అడిగింది.

పెళ్ళయిన పదో రోజు కువైట్ నుంచి ఫారూఖ్ బావ ఫోను చేశాడు. ఆయన అష్రఫ్‌కు పెదనాయన కొడుకు. ఒక షేకు ఇంట్లో డ్రైవరు పని ఖాళీ అయిందట, వీసా ఇప్పిస్తానన్నాడు. మా వీధిలో కువైట్‌లో మనిషి లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. కానీ నాకు కొత్త. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“బక్రీదు లోపల ఏదో ఒకటి చెప్పాలంట,” అన్నాడు అష్రఫ్ గదిలోకి వచ్చాక.

“పోతావా?”

“పోకుండా ఉండేదానికే చూస్తాండా.” తొట్టి వైపు తలెగరేశాడు. “బెంగుళూరు జయరాజన్న ఉండాడు కదా, నాకు ఈ తల్లి ముక్కలిచ్చినాయన. మే నెలాఖరుకు అరవై ముక్కలు, బాగా అతుక్కుని విప్పారినవి పంపిస్తే, ఇంక నెలనెలా నా దగ్గర్నే తీసుకుంటాడంట. ఆయన అంగట్లో సముద్రం నుంచి పీకినవి అమ్మడు, ఇట్లా ఇండ్లల్లో పెరిగినవే. అది కుదిరితే నేను యాడికీ పోయే పని ల్యా.”

“ఇప్పుడెన్ని ఉన్నాయి?”

“పెద్దవి ఏడు.”

“ఏడుకు అరవై ఎట్లా అవుతాయి? నెల కూడా ల్యా!”

“కోస్తాం,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే పనికి పోకుండా ఇద్దరం చేతులకు తొడుగులేసుకుని, కళ్ళకు అద్దాలు పెట్టుకుని కూర్చున్నాం. అత్త గుమ్మంలోంచి తొంగిచూసి, “కాన్పు చేస్తాండారా?” అని పోయింది. అష్రఫ్ ఒక ఎర్ర పుట్టగొడుగు పగడాన్ని రాయి మీద నుంచి ఒలిచి పళ్ళెంలో పెట్టి, బ్లేడుతో రెండుగా, ఆ రెండింటినీ మళ్ళీ రెండుగా కోశాడు. అది నీళ్ళు కక్కి ముద్దలా ముడుచుకుపోయింది. నేను, “అయ్యో, సచ్చిపోతుంది” అని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“సావదు. అట్లనే వదిలేస్తే నిదానంగా పెరుగుతుంది, దానికేం తొందర? కోసిన చోటు మానాలంటే మాత్రం ఒంట్లో ఉండే బలమంతా ఆ అంచుకు తోల్తుంది. ముక్క ఎంత చిన్నదయితే దానికి అంచు అంత ఎక్కువ. సూడు, మూడు వారాలకు ఈ నాలుగూ నాలుగు పూలవుతాయి.”

పచ్చగడ్డి పగడాన్ని కత్తెరతో చాప ముక్కల్లా కత్తిరించాం. ఒక్కో ముక్కను ఒక్కో పింగాణీ బిళ్ళకు జిగురుతో అంటించడం నా పని. ఒకే తల్లి ముక్కలయితే పక్కపక్కన పెట్టినా కొట్లాడుకోవని, పెరిగి పెరిగి మళ్ళీ ఒకటైపోతాయని చెప్పాడు. వేరే తల్లివయితే ఒకదాన్నొకటి కుట్టి చంపుకుంటాయట.

“నేను వేరే తల్లి ముక్కను కదా, మీ ఇంట్లో తెచ్చి అంటించినారే?”

“మా అమ్మకూ నీకూ మధ్య జానెడు జాగా వదిలినా కదా,” అన్నాడు. నవ్వి నవ్వి జిగురు నా కొంగుకు అంటుకుంది.

అరవై నాలుగు ముక్కలయ్యాయి. ఆ తరువాతి మూడు వారాలు నా బతుకులో ఎప్పటికీ చెరిగిపోవు. పొద్దున లేవగానే నేను చూసేది ఆయన ముఖం కాదు, ఆ బిళ్ళల వరసలు. కోత అంచు మొదట తెల్లగా ఉండేది. తరువాత గులాబీరంగు పొర వచ్చేది. ఒక రోజు పదిహేడో బిళ్ళ మీద ముక్క నడిమధ్యన కొత్త నోరు తెరిచింది, ఆవగింజంత. తడి చేతులతో వంటింట్లోంచి వీధిలోకి పరుగెత్తి, బండి స్టార్టు చేస్తున్న అష్రఫ్‌ను ఆపాను. “నోరొచ్చింది! నోరొచ్చింది!” అంటుంటే హనుమంతమ్మ, “ఎవురికమ్మా, నీకా? అది వచ్చిన్నాడే ఉండాది కదా” అంది.

ఆ రోజుల్లోనే మామ నా కోసం బిర్యానీ వండే రాగి డేగిసా దింపించాడు.

మా మామ లాల్ అహమ్మద్‌ది కళాయి పని. వండే రాగి గిన్నెలకు లోపల తగరం పూత పూసే పని. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికి బిర్యానీ వండాలన్నా డేగిసాలు ముందు ఆయన చేతికి వచ్చి, ఆ తరువాతే పొయ్యి ఎక్కేవట. స్టీలు వచ్చింది, ఆ పని పోయింది. ఎనిమిదేళ్ళుగా కొలిమి వెలిగించలేదు. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషనంటే, “ఈ ఏడు గాదులే” అని ఏటేటా నెట్టుకొస్తున్నాడు. అట్లాంటి మనిషి ఒక ఉదయం అటక మీద ఉన్న పెద్ద డేగిసా దింపమని, పెరట్లో కొలిమి గుంట తవ్వించుకుని కూర్చున్నాడు.

“ఇంట్లో కొత్త కోడలికి నా చేతి పని ఒకటన్నా ఉండాల గదా. రేపు నీకు బిడ్డ పుడితే అఖీఖా విందుకు దీంట్లోనే వండాల.”

“పెళ్ళయ్యి మూడు వారాలే మామా!”

“మూడు వారాలు తక్కువా? ఏమే దౌలత్, మనకెన్నాళ్ళకు…” అత్త చేతిలోని చీపురు వచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడింది.

బొగ్గులకు గాలి కొట్టే పిడి నేను తిప్పాను. ఆయన ఇసుకతో తోమిన రాగిని ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ తాకించి, దూది ఉండతో ఒక్క విసురు విసిరితే తెల్లటి పొగలోంచి వెన్నెల పారినట్టు తగరం పరుచుకుంది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన ముఖం చెమటతో వెలిగిపోయింది. డేగిసా పెద్దది, నలభై లీటర్లు పడుతుంది. దాన్ని పట్టకారుతో తిప్పుతున్నప్పుడు చేతులు వణికాయి. “కనపడతాందా మామా?” అంటే, “కండ్లతో పనేముండాదిమ్మా, నా చేతులకు తెలుసు” అన్నాడు. చల్లారాక దాంట్లోకి వంగి చూస్తే నా ముఖం, ముక్కుపుడక, మీద ఆకాశం కనిపించాయి.

“కళాయి పట్టిందంటే ఇంక రాగి అనేది ల్యానట్టే లెక్క. చింతపండు పులుసు రెండ్రోజులు పెట్టు, చిలుం పట్టితే నా పేరు మార్చుకుంటా.”

మే మూడో వారానికి ఎండ నలభై నాలుగు దాటింది. అరవై నాలుగు బిళ్ళల్లో రెండే పోయాయి. అరవై రెండు విప్పారి ఉన్నాయి. జయరాజ్ ఫోటోలు చూసి, ఇరవై ఎనిమిదో తేదీ బస్సుకు పెట్టమన్నాడు. అష్రఫ్ ఫారూఖ్ బావకు ఇంకా వద్దని చెప్పలేదు. “డబ్బాలు బస్సెక్కినాక చెప్తా” అన్నాడు. కానీ ఆ వారం ఆయన నడక మారింది. బండి తోలేటప్పుడు ఈలవేసేవాడు.

అప్పుడే మంగంపేట నుంచి పిలుపు వచ్చింది. ముగ్గురాయి గనుల దగ్గర కూలీల కాలనీలో నీళ్ళ ప్లాంటు పాడైపోయిందట, రెండు రోజుల పని. పోతూ పోతూ తొట్టికి నీళ్ళు మార్చే పని నాకు అప్పగించాడు. ప్లాంటు నీళ్ళు రెండు క్యాన్లు, ఉప్పు ఇన్ని గ్లాసులు, నీలం డ్రమ్ములో కలిపి ఒక రాత్రి ఉంచి, పొద్దున పోయాలి. అప్పటికి నాలుగుసార్లు ఆయన పక్కన నిలబడి చేశాను. “నాకన్నా నువ్వే బాగా కలుపుతాండావు” అన్నాడు. ఆ మాట కోసం నేను మంగంపేట దాకా నడిచైనా పోయేదాన్ని.

సాయంత్రం డ్రమ్ములో క్యాను వంచానో లేదో, అడుగు నుంచి నీళ్ళు కారిపోయాయి. మిద్దె మీద ఎండకు పెట్టి పెట్టి పగిలిపోయింది. స్నానాల బకెట్లు వాడకూడదు, సబ్బు వాసన ఉన్నా ముడుచుకుపోతాయి. అష్రఫ్‌కు ఫోను చేద్దామనుకున్నాను. ఇంత చిన్నదానికా అని నవ్వుతాడేమో అనిపించింది. పెరట్లో కొత్తగా, సబ్బు ఎరగకుండా మెరుస్తున్నది డేగిసా ఒక్కటే.

“మామా, దీంట్లో ఉప్పునీళ్ళు కలిపి పెట్టచ్చా?”

మామ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. తన పనితనం అడిగారని సంతోషం. “పులుసుకే చెక్కు చెదర్లే. మీ సముద్రం నీళ్ళేం చేస్తాయమ్మా? పెట్టుకో, పెట్టుకో.”

కారగా మిగిలిన క్యాన్ల నీళ్ళు పోసి, వాటికి తగ్గ ఉప్పు వేసి తెడ్డుతో కలిపాను. మూత వేసి పడుకున్నాను. పొద్దున చెంబుతో చెంబుతో తొట్టిలో పోసి, ఫోటో తీసి అష్రఫ్‌కు పంపాను. ఆయన ఒక చప్పట్ల బొమ్మ పంపాడు. ఆ రోజంతా నేను నేల మీద నడిచినట్టు లేదు.

మరునాడు పొద్దున లైటు వేస్తే రొయ్య వెల్లకిలా పడి ఉంది. గాజుకు అంటుకుని తిరిగే నత్తలు కింద రాలిపోయాయి. పచ్చగడ్డి లేదు, మేకలు మేసిపోయిన మడిలాగా ఊదారంగు తోలు మాత్రం మిగిలింది. నిద్ర లేవలేదేమోలే అనుకుంటూ ఒక గంట అట్లాగే నిలబడ్డాను.

అష్రఫ్ మధ్యాహ్నం వచ్చాడు. తల నుంచి చెప్పుల దాకా తెల్లటి ముగ్గురాయి పొడి, పిండిమర నుంచి వచ్చినవాడిలా. ఇంకో రోజయితే ఆ వేషం చూసి పడీ పడీ నవ్వేదాన్ని. ఆ పొడితోనే తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మలినం పీల్చే బొగ్గు సంచీ వేశాడు, ఉన్న నీళ్ళు తోడాడు, కొత్తవి పోశాడు. పుట్టగొడుగులు ఒక్కొక్కటే బిళ్ళ వదిలేసి జిగటగా పైకి తేలసాగాయి. ఆయన వాటిని చేత్తో మెల్లగా పట్టుకుని మళ్ళీ బిళ్ళ మీద పెడుతున్నాడు. మళ్ళీ తేలుతున్నాయి. తొడుగులు తెచ్చి పక్కన పెట్టాను, ఆయన చూడలేదు.

జయరాజ్‌కు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. అవతల నుంచి ఆయన చాలాసేపు విని, “అష్రఫ్, ముందు రొయ్య, నత్తలు పోయినాయి అంటే రాగి తగిలినట్టే లెక్క. ఎక్కడన్నా రాగి తగిలిందేమో చూడప్పా. తగిలుంటే ఆ రాళ్ళు కూడా తాగేసుంటాయి. ఆ తొట్లో ఇంక పగడం నిలవదు” అన్నాడు.

రాగి.

అష్రఫ్ మోటారు వైర్లు విప్పి చూస్తుంటే నేను పెరట్లోకి వచ్చాను. బోర్లించిన డేగిసా వెల్లకిలా తిప్పాను. పైనంతా అద్దమే. అడుగున, గోడా అడుగూ కలిసే వంపులో, అరచేతి వెడల్పున తగరం తగలనే లేదు. ఎర్రటి రాగి. దాని చుట్టూ పచ్చటి చిలుము, గీత గీసినట్టు.

నాలుగు అడుగుల దూరంలో మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను దాన్ని తిరిగి బోర్లించాను.

అష్రఫ్ గుమ్మంలోకి వచ్చాడు. “దిల్షాద్, డ్రమ్ము పగిలుండాదే. నీళ్ళు దేంట్లో కలిపినావు?”

ఆయన గొంతులో కోపం లేదు. నిజం తెలిస్తే చాలు అన్నట్టుంది. మామ, “డేగిసాలోనే కదా, ఎంత శుభ్రమైన…” అనబోతున్నట్టు తల ఎత్తడం నాకు కనిపించింది. ఆ ముఖంలో ఇంకా ఏ అనుమానమూ లేదు.

“బకెట్లలో,” అన్నాను. “క్యాను నీళ్ళు కారిపోతే, చాల్లేదని మోటారు నీళ్ళు పట్టి కలిపినా.”

“మోటారు నీళ్ళా?”

“ఒక్కసారికి ఏమవుతాదిలే అనుకున్యా.”

మా బోరు మోటారు లోపలంతా ఇత్తడి, రాగి. అది ఆయనకు తెలుసు, ఆయన చేత్తో బిగించిందే. నమ్మేశాడు. “సరేలే” అన్నాడు. ఆయన ఆ మాట ఎప్పుడూ అట్లా అనలేదు. మామ ఎత్తిన తల ఎత్తినట్టే ఉంది.

లోపల నుంచి అత్త అందుకుంది. “బీయస్సీ అంట! మంచినీళ్ళకూ మోటారు నీళ్ళకూ తేడా తెలియనిదేం సదువమ్మే? నాలుగేండ్లు బిడ్డల మాదిరి సాకినాడు వాడు. ఒక్కపూట చెయ్యి పెడితివి, ఊడ్చిపెట్టుకుపోయె!”

ఆ సాయంత్రం బట్టలు తీయడానికి పెరట్లోకి పోతే మామ కింద కూర్చుని ఉన్నాడు. డేగిసాలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, వేళ్ళతో లోపలంతా తడుముతున్నాడు. నిదానంగా, వంపు వెంబడి. ఒక చోట వేళ్ళు ఆగాయి. ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగాయి. చెయ్యి బయటికి తీసి వేళ్ళ కొసలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చిలుముకు ఒక వాసన ఉంటుంది. నేను బట్టలు తీయకుండానే లోపలికి వచ్చేశాను.

మూడు రోజుల్లో అన్నీ పోయాయి, తల్లులతో సహా. రాళ్ళను అష్రఫ్ సంచీలో వేసి ఎక్కడ పారేసి వచ్చాడో చెప్పలేదు. ఖాళీ తొట్టి తుడిచి, నీలం లైటు పీకేసి, ఏసీ ఆపేశాడు. గది ఒక్కసారిగా అన్ని గదుల్లాగా అయిపోయింది. నేను మంచం అంచున కూర్చుని ఉంటే గుర్తొచ్చినట్టు ఆగి, “నీకు కావాలంటే ఏసుకో” అన్నాడు. వద్దన్నాను. ఉక్కలో అటు తిరిగి ఒకరం, ఇటు తిరిగి ఒకరం పడుకున్నాం. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని, ఏడిస్తే దగ్గరికి తీసుకునేవాడు. తిట్టలేదు. మంచినీళ్ళు కావాలన్నా నన్ను అడగకుండా తనే లేచి తెచ్చుకునేవాడు.

“సరే అన్నా, టికెట్ చెయ్యి,” అని ఫారూఖ్ బావతో అంటుండగా వంటింట్లో అన్నం వార్చుతున్నాను. గంజి చేతి మీద పడింది. ఆయనే వచ్చి చెయ్యి పట్టి నీళ్ళ కింద పెట్టాడు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పి ఉంటే నా మొగుడు నాకు తిరిగి వచ్చేవాడు. కానీ కువైట్‌కు పోవడం ఆగేది కాదు. పోయే మనిషి, కన్నతండ్రి గుడ్డి చేతుల వల్ల పోతున్నానని తెలిసి పోయేవాడు. పెండ్లాం తెలివితక్కువతనం వల్ల పోతున్నాననుకుని పోవడమే మేలు. పెండ్లాం మీద కోపం ఎప్పటికైనా తగ్గుతుంది.

అట్లా అనుకున్నాను. ఇరవై రెండేళ్ళకు అంతకంటే తెలియదు.

బక్రీదుకు వారం ముందు, మద్రాసులో విమానం ఎక్కించే కారు వచ్చింది. అత్త ఊరగాయ జాడీకి గుడ్డ కడుతూ ఏడ్చింది. అష్రఫ్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని, “కండ్ల ఆపరేషన్ చేపిచ్చుకో నాయనా, మొదటి జీతానికే పంపిస్తా” అన్నాడు. మామ కొడుకు తల పట్టుకుని ఏదో చెప్పబోయాడు. మాట మాత్రం, “బెల్టు పెట్టుకో కార్లో” అని వచ్చింది. అష్రఫ్ నా దగ్గరికి వచ్చి, నా చేతి మీద గంజి మచ్చ చూసి, బొటనవేలితో ఒకసారి నిమిరాడు. అంతే. మా కాపురం అప్పటికి నలభై ఆరు రోజులు.

ఆయన పోయాక నేను మామను రెండుసార్లు అడిగాను, కంటి ఆసుపత్రికి పోదామని. “సూసి ఏం జేయాల్లమ్మా” అన్నాడు రెండుసార్లూ.

బక్రీదు రోజు సాయంత్రం. కుర్బానీ మాంసం పంచడం అయిపోయింది. అత్త హనుమంతమ్మతో అరుగు మీద ఉంది. మామకు టీ తీసుకుని పెరట్లోకి వస్తుంటే ఫోను మోగింది. వీడియో. మంచం పక్కన స్టూలు మీద టీ పెట్టి ఎత్తాను. అష్రఫ్ నల్లబడ్డాడు. వెనక అంతా నీళ్ళు.

“యజమాని పిల్లల్ని తోలుకొచ్చినా,” అన్నాడు. “సూడు దిల్షాద్, ఎంత నీళ్ళో.” ఫోను తిప్పి చూపించాడు. నీలంగా, కదులుతూ, చివర లేకుండా ఉంది. మళ్ళీ ఆయన ముఖం వచ్చింది. “ఇంకా ఉప్పు సరిపోల్యాదంట దీనికి. నువ్వొచ్చి రెండు బకెట్లు మోటారు నీళ్ళు పోద్దువు రా.”

అని నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది, నిజంగానే. ఆయన నాతో పరాచికమాడి ఇరవై రోజులు దాటింది. నవ్వుతూనే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా.

మంచం మీద మామ అంతా విన్నాడు. లేచి కూర్చుని చెయ్యి చాపాడు.

“ఫోను ఇటియ్యమ్మా.”

ఆ గొంతు విన్నాక ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు అర్థమైంది.

“ఎవురు, నాయనేనా పక్కన?” అన్నాడు అష్రఫ్. “ఇయ్యి, సలాం చెప్తా.”

పరాయి దేశంలో, పండగపూట, ఎవరి పిల్లలో ఇసుకలో ఆడుకుంటుంటే కాపలా నిలబడి ఉన్నాడు ఆ మనిషి. ఇప్పుడిప్పుడే ఒక నవ్వు నవ్వాడు.

“ల్యాడు,” అన్నాను. “మసీదుకు పోయినాడు. అది టీవీ.”

“అట్లయితే రేపు చేస్తాలే.”

ఫోను కొంగులో పెట్టుకున్నాను. మామ చెయ్యి ఇంకా నా వైపే చాపి ఉంది. వేళ్ళు విడివిడిగా. ఆ చేతిలో టీ గ్లాసు పెట్టి, రెండో చెయ్యి కూడా తెచ్చి దాని చుట్టూ మూశాను.

“తాగండి మామా, చల్లారిపోతాది.”

ఆయన ఒక గుక్క తాగాడు. నేను మంచం కింద కూర్చున్నాను.

“చక్కెర సరిపోయిందా?”

ఇంకో గుక్క తాగి అన్నాడు, “తెలియడం ల్యామ్మా.”